లార్వాలు నూనె వైపే వెళ్ళాయి

గాజుసామాను గోదాము,
జూన్ 9

అమ్మలూ,

ఇది ఫోనులో చెప్పాల్సిన సంగతే. కానీ ఫోను ఎత్తితే మీ పిన్ని పక్కనే చెవులు రిక్కించి కూర్చుంటుంది. పైగా నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు. అందుకని కాగితం తీశాను.

నన్ను ల్యాబు నుంచి ఇక్కడికి బదిలీ చేసి పదకొండు రోజులైంది. మా అబ్బాయి, అదే మీ అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాం. పని తేలిక. గాజు బుడ్ల పెట్టెలు వస్తే విప్పి, పగిలినవి పక్కన పడేసి, మంచివి అరల్లో సర్దాలి. 'ఈగల వంటాయన వచ్చాడు' అని ఇక్కడివాళ్ళకి మహా సరదా. ఒకాయనైతే 'ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలిసేదండీ, మీరే రుచి చూసేవారా?' అన్నాడు. నేనూ నవ్వాను, నవ్వకేం చేస్తాను? నన్నెందుకు పంపించేశారో వాళ్ళకింకా తెలియదు. తెలిశాక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కాలా అని లోపల కుంగిపోతూనే పైకి నవ్వాను.

ఇరవై ఆరేళ్ళు ఆ ల్యాబులో ఈగలకి జావ కాచాను. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, గడ్డకట్టడానికి అగరు. ఒక్కనాడు అడుగంటలేదు, ఉండ కట్టలేదు. మేడం ఈగలకి ఏ కొవ్వు ఇష్టమో చూసే ఈ పరీక్ష పెట్టినప్పుడు నాకు అప్పజెప్పింది ఎంతపాటి పని? పళ్ళెంలో సగం గడ్డ కొవ్వు కలిపిన జావ, సగం నూనె కలిపిన జావ పొయ్యాలి. పైకి రెండూ ఒకేలా కనబడాలి. అడుగున ఒకవైపు ఎర్ర చుక్క, ఇంకోవైపు నీలం చుక్క పెట్టాలి. ఏ చుక్క దేనిదో చీటీ మీద రాసి కవరు అంటించెయ్యాలి. లెక్కపెట్టేది నువ్వే అయినా లెక్క పూర్తయ్యేదాకా నీకూ తెలియకూడదు. చంటిపిల్లాడు కూడా చేస్తాడు కదా ఆ పని!

అందులో తప్పాను. లార్వాల పళ్ళేలకి చుక్కలు తారుమారు చేశాను. ఎదిగిన ఈగల్లాగే లార్వాలకీ గడ్డ కొవ్వే ఇష్టమని మేడం నిండు సభలో చెప్పేసింది. వేరే ల్యాబు వాళ్ళు చేసి చూసి, కాదు, వాటికి నూనే ఇష్టమని తేల్చారు. మేడం మళ్ళీ చేయించినా అదే వచ్చింది. ఆవిడ మొహం ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

అన్నింటికన్నా సిగ్గు నీ దగ్గర. ఆ ఉద్యోగంలో నిన్ను చేర్పించింది నేను. నీ లెక్కల పుస్తకం పాడు చేసిందీ నేనే. ఆ రోజు గుర్తు తెచ్చుకుంటే, కొవ్వు వైపు ఎర్ర చుక్క పెట్టినట్టే కనబడుతుంది. పన్నెండు పళ్ళేలకీ. చీటీ రాశాక రెండోసారి సరిచూసినట్టు కూడా గుర్తు. కానీ నా గుర్తుని నేనింక నమ్మేదేముంది?

మేడంకి నా తరఫున క్షమాపణ చెప్పు. నా వల్ల నీకు మాట వస్తే దాచకుండా రాయి.

బాబాయి

*

లెక్కల గది, రెండో అంతస్తు,
జూన్ 20

బాబాయ్,

ఏంటా రాత! చదువుతుంటే నాకు భయమేసింది. ఎవరికైనా జరుగుతుంది. మేడం ఎప్పుడో మర్చిపోయింది. నువ్వూ మర్చిపో.

నీ స్థానంలో వచ్చినాయన సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వుతావు. జావ గరిట జారుగా దించమంటే ఇటుక చేసి పెడుతున్నాడు. నిన్న మూడు బుడ్లలో ఈగలు కాళ్ళు ఇరుక్కుని చచ్చాయి. మేడం వచ్చి చూసి, 'ఆయనుంటే ఇలా జరిగేదా?' అంది. చూశావా మరి, నిన్ను తలుచుకోని రోజు లేదు.

ఆవిడ ఇప్పుడు మంచి ఊపు మీద ఉంది. కొత్త ఫలితం అసలు మనం అనుకున్నదానికన్నా గొప్పదట. ఒకే పురుగు లార్వాగా ఉన్నప్పుడు నూనె వైపు పోతుంది, రెక్కలొచ్చాక గడ్డ కొవ్వు వైపు పోతుంది. మధ్యలో ఆ గూడులో నాలుగు రోజులు పడుకుని లేస్తే నాలుకే మారిపోతుందన్నమాట. ఎందుకలాగ అని పొద్దస్తమానం అదే చర్చ. కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. నువ్వు ఊరికే కుమిలిపోకు.

నాకెవరూ మాట అనలేదు. ఇంక ఆ చుక్కల మాట ఎత్తకు బాబాయ్, నా మీద ఒట్టు. అన్నయ్యనీ వదిననీ అడిగానని చెప్పు. మీ మనవరాలు పిడుగు బడిలో చేరిందా?

నీ అమ్మలు

*

మీ అన్నయ్య ఇల్లు, ముందుగది,
ఆగస్టు 2

అమ్మలూ,

ఒట్టు పెట్టావు కాబట్టి నెలన్నర నోరు కట్టుకున్నాను. ఇంక నా వల్ల కాదు.

పిడుగు బడిలో చేరింది. నాలుగు వీధులు దాటితే బడి. మొదటి వారం నేనే తీసుకెళ్ళి నేనే తీసుకొచ్చాను. చెయ్యి పట్టుకుంటే వదలదు, దారంతా ప్రశ్నలే. 'తాతయ్యా, ఈగ పాపాయిగా ఉన్నప్పుడు కూడా నువ్వే తినిపించావా?' అంటుంది. ఒకరోజు గేటు దగ్గర నిలబడి ఉంటే నాకు ఉన్నట్టుండి భయం పట్టుకుంది. ఎర్రదీ నీలందీ తేడా తెలియని మనిషిని, ఇంతమంది నీలం గౌనుల్లో మన పిల్లేదో తప్పు చూస్తేనో? ఎవరి పిల్లనో పట్టుకొస్తేనో? ఇంటికొచ్చి అన్నీ కోడలితో చెప్పేశాను. ల్యాబులో ఏం జరిగిందో కూడా. దాచడం నాకు చేతకాదు.

మర్నాటి నుంచి కోడలే పిల్లని బడికి తీసుకెళ్తోంది. ఇంకో రెండు రోజులకి నేను టీ పెట్టుకుందామని వెళ్తే పొయ్యి వెలగలేదు. సిలిండరు దగ్గర కట్టేసి, పైన చిన్న తాళం కప్ప వేసింది. 'జాగ్రత్త కోసం మావయ్యా, మీకు ఏం కావాలన్నా నన్ను అడగండి' అంది. తప్పు పట్టను. చంటిపిల్ల ఉన్న ఇల్లు. కానీ ఇరవై ఆరేళ్ళు పొయ్యి ముందు బతికినవాణ్ణి, టీ నీళ్ళకి ఒకరిని అడుక్కోవడం… ఏం చెప్పను. మీ పిన్ని ఆ రోజంతా కూర్చుని నా చొక్కాలన్నీ ఇస్త్రీ చేసింది.

డాక్టరుకి చూపించారు. ఆయన గడియారం బొమ్మ గీయమన్నాడు, వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ రమ్మన్నాడు. బాగానే చేశాననుకున్నాను. 'ఇప్పటికి ఏమీ కనబడటం లేదు, కానీ పనిలో తప్పు జరిగిందంటున్నారు కదా, కనిపెట్టి ఉండండి' అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరూ కనిపెట్టే ఉన్నారు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానని అడగడానికి కూడా జంకు నాకు.

గోదాము ఆఫీసరు ఒక ఫారం ఇచ్చాడు. ముందుగా పదవీ విరమణ తీసుకోవచ్చట. కారణం దగ్గర 'జ్ఞాపకశక్తి మందగించినందువల్ల' అని టైపు చేసే ఉంది. ఈ నెలాఖరులోగా సంతకం పెట్టాలి. అది పెడితే నేను మతిపోయిన మనిషినని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టే. పెట్టకపోతే రేపు ఇక్కడ ఏం పాడు చేస్తానో.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. నువ్వు ఏడేళ్ళు నా పక్క గదిలో పని చేశావు. నేను ఇంకేమైనా తప్పులు చేయడం చూశావా? నా మొహం చూసి మొహమాటపడకు. ఒక్కటి చూసినా ఉన్నదున్నట్టు రాయి.

ఈ లార్వాల సంగతి కూడా ఆలోచిస్తున్నాను. అన్నేళ్ళు వండి పోశాను గానీ ఎవరికి ఏది ఇష్టమో ఎప్పుడూ అడగలేదు. పెద్దవాటికీ పిల్లవాటికీ అదే జావ. పాపం, పెట్టింది తిన్నాయి.

బాబాయి

*

లెక్కల గది,
ఆగస్టు 11

బాబాయ్,

ఫారం మీద సంతకం పెట్టకు. ఒక్క పది రోజులు ఆగు. కారణం అడగొద్దు, రాస్తాను.

నువ్వు వేరే తప్పులు చేయడం నేను చూడలేదు. ఒక్కటి కూడా.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నాలుగుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. పిన్నిని జాగ్రత్తగా చూసుకో. నువ్వు అన్నం మానకు.

అమ్మలు

*

గాజుసామాను గోదాము,
ఆగస్టు 19

అమ్మలూ,

పది రోజులు ఆగమన్నావు. ఎందుకు ఆగాలో నాకు తెలిసిపోయింది, నువ్వేం అవస్థ పడకు.

నిన్న ఆఫీసరు నా ఫైలు బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాడు. చూడకూడదు, చూశాను. మేడం రాసిన కాగితం ఉంది అందులో. 'ఆయనకి ఈమధ్య మతిమరుపు మొదలైందని, పక్క గదిలో పనిచేసే ఆయన అన్న కూతురే చెప్పింది. అందుచేత చర్య తీసుకోకుండా తేలికైన పనికి మార్చడమైనది.'

నా మొహం మీద అనలేక ఆవిడతో అన్నావు. మొన్న ఉత్తరంలో కూడా ఒక్క తప్పూ చూడలేదని బొంకావు. ఎంత ప్రేమ లేకపోతే అలా దాస్తావే! చదివినప్పుడు గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. తరవాత ఆలోచిస్తే మంచి పనే చేశావనిపించింది. నీ మాట వల్లే నాకు శిక్ష తప్పింది. నాకు నేను తెలియకపోయినా, నువ్వు కనిపెట్టావు. ఇన్నాళ్ళూ లోపల ఒక మూల 'నేను చుక్కలు సరిగ్గానే పెట్టాను, పెట్టాను' అని ఒకటే గోల. ఆ కాగితం చదివాక ఆ గోల ఆగిపోయింది. నువ్వు చూసి చెప్పావంటే ఇంక అనుమానం దేనికి?

శుక్రవారం సంతకం పెట్టేస్తాను. నువ్వు బాధపడొద్దు. నీ మీద నాకు ఏ కోశానా కోపం లేదు.

బాబాయి

*

నా గది,
ఆగస్టు 22

బాబాయ్,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. ఫోను చేశాను, నువ్వు ఎత్తలేదు. గోదాముకి చేస్తే శుక్రవారం హడావిడిలో ఉన్నామన్నారు. ఇది కొరియరులో పంపిస్తున్నాను. నిలబడి చదవకు, కూర్చో.

నువ్వు చుక్కలు సరిగ్గానే పెట్టావు. పన్నెండు పళ్ళేలకీ. ఎర్ర చుక్క కొవ్వుకి, నీలం చుక్క నూనెకి. చీటీ కూడా సరిగ్గానే రాశావు. నీ మతికి ఏమీ కాలేదు. తప్పు చేసింది నేను.

ఎలా జరిగిందో రాస్తాను. ఈగల పరీక్ష ముందు అయింది కదా, అవి గడ్డ కొవ్వు వైపు గుంపులు గుంపులుగా వాలాయి. తరవాత లార్వాలు. వాటిని పళ్ళెం మధ్యలో వదిలితే పావుగంటలో దాదాపు అన్నీ నీలం వైపు పాకేశాయి. పన్నెండు పళ్ళేల్లోనూ అంతే. చిత్తు కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్క పెట్టాను. మేడం ఊళ్ళో లేదు, కవరు నేనే విప్పాను. నీలం అంటే నూనె అని ఉంది. అదెలా కుదురుతుంది, అదే జాతి, అదే రక్తం, చిన్నప్పుడొకటీ పెద్దయ్యాక ఒకటీనా అనుకున్నాను. బాబాయి చీటీ తిరగేసి రాశాడనుకున్నాను. నువ్వు ఆ వారమే కళ్ళజోడు మార్చుకున్నావు కూడా.

లేచి పక్క గదిలోకి వస్తే అయిపోయేది. నువ్వు అక్కడే జావ గిన్నె తోముకుంటున్నావు, చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. అడిగితే చిన్నబుచ్చుకుంటావని, పైవాళ్ళకి తెలిస్తే నీ పేరు పోతుందని, అసలు పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు ఎర్ర గడిలో అంకెలు నీలంలోకి, నీలంలోవి ఎర్రలోకి మార్చేశాను. నీ తప్పు కప్పిపుచ్చుతున్నానని నాలో నేనే మురిసిపోయాను కూడా. అక్కడ లేని తప్పుని.

అక్కడితో ఆగితే ఇది తెలివితక్కువతనం. వేరే ల్యాబు ఫలితం వచ్చిన రోజున నాకు అంతా అర్థమైంది. లార్వాలు నిజంగానే నూనె వైపు వెళ్ళాయి. మేడం నా లెక్కల పుస్తకమూ, నీ చీటీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పుస్తకం మీద ఆవిడకి అనుమానమే రాలేదు. 'మీ బాబాయి ఈమధ్య ఎలా ఉంటున్నారు?' అని అడిగింది. అంకెలు దిద్దానని చెబితే నా ఉద్యోగం ఆ క్షణమే పోతుంది. నోరు తెరిచాను. వచ్చిన మాట, 'కొంచెం మతిమరుపు మొదలైంది మేడం.' ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నా అంతట నేనే అన్నాను.

నువ్వు సామాను సర్దుకుని వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి 'నా వల్ల నీకు మాట రాకూడదమ్మా' అన్నావు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నువ్వు దాన్ని దిగులనుకున్నావు. పిల్లని బడికి తీసుకెళ్ళడం మానేశావని రాసినప్పుడూ నోరు విప్పలేదు. పొయ్యికి తాళం వేశారని చదివి కూడా రెండు వారాలకి పైగా ఆగాను. ఆ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టి, ఆ సొరుగు తీయడమే మానేశాను. ఇంతకన్నా నీచం ఏముంటుంది?

ఇవాళ మేడం గదికి వెళ్ళి చిత్తు కాగితాలు పన్నెండూ బల్ల మీద పరిచాను. ఆవిడ ఒక్కొక్కటీ పుస్తకంతో పోల్చి చూసింది. తరవాత 'ఆయనకి చెప్పావా?' అంది. అదొక్కటే అడిగింది. నన్ను లెక్కల గది నుంచి తీసేశారు, మిగతాది వచ్చే వారం తేలుస్తారు. ఏం తేల్చినా సరే.

క్షమించమని అడగను, ఆ మాటకి కూడా నాకు మొహం చెల్లదు.

అమ్మలు

*

మీ అన్నయ్య ఇల్లు,
ఆగస్టు 27

అమ్మలూ,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. శుక్రవారం సంతకం పెట్టేశాను.

చదివాక నాకు మొదట వచ్చింది కోపం కాదు. సంతోషం. సిగ్గులేకుండా రాస్తున్నాను. నా మతి పోలేదు! వంటగదిలోకి పరిగెత్తి మీ పిన్నిని భుజాలు పట్టుకుని ఊపేశాను. 'నేను సరిగ్గానే పెట్టానే, సరిగ్గానే పెట్టాను' అని అరిచాను. అది భయపడి కొడుకుని కేకేసింది.

కోపం సాయంత్రానికి వచ్చింది. వచ్చింది ఇప్పటిదాకా పోలేదు. అంకెలు మార్చినందుకు కాదు. మేడంతో ఆ మాట అన్నందుకు కూడా, ఏమో, ఏదో ఒక రోజుకి మర్చిపోతానేమో. గోడ అవతల నేను గిన్నె తోముతుంటే, 'బాబాయ్, ఈ చీటీ సరేనా?' అని అడగలేదే, అందుకు. నేను తప్పు చేశానని అంత తేలిగ్గా ఎలా అనుకున్నావే? నా మీద నీకు ఉన్న ప్రేమ ఏం చేసుకోను నేను, నమ్మకం లేనిదాన్ని?

మేడం కూడా ఆఫీసరుకి ఉత్తరం రాసింది. ఆ ఫారం వెనక్కి ఇచ్చేస్తారట. ఆఫీసు సంగతి అలా తీరింది. ఇల్లే తీరలేదు.

నీ ఉత్తరం కోడలి చేతికిచ్చాను. మొత్తం చదివింది. కళ్ళు తుడుచుకుంది. మడిచి నా చేతిలో పెట్టి ఏమందో తెలుసా? 'ఆ అమ్మాయికి మీరంటే ప్రాణం మావయ్యా. మీ మనసు కుదుటపడాలని తప్పంతా తన నెత్తిన వేసుకుంది' అంది. మీ అన్నయ్య కూడా, 'అది చిన్నప్పట్నుంచీ అంతే నాన్నా, నీకోసం ఏమైనా రాస్తుంది' అన్నాడు. నేను కాదు కాదంటే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నేను గొంతు పెంచితే ఆ చూపు ఇంకా ఎక్కువైంది. మేడం ఉత్తరం సంగతి చెబితే, 'ఆవిడ కూడా మంచావిడే' అంది కోడలు. తాళం అలాగే ఉంది. పిడుగు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపి వాళ్ళమ్మతో బడికి పోతోంది.

నువ్వు చేసిన పనికి నేను నిన్ను ఏమీ అడగను. ఒక్కటి చెయ్యి. వాళ్ళిద్దరికీ ఒక కాగితం రాయి. అందులో బాబాయ్ గీబాయ్ అని ముద్దులొద్దు. కన్నీళ్ళొద్దు. ప్రేమ అనేది ఒక్క ముక్క కనబడకూడదు. నమ్మేలా రాయి.

బాబాయి

*

నా గది,
ఆగస్టు 31

అన్నయ్యకీ, వదినకీ,

మార్చి పన్నెండు నుంచి పద్నాలుగు దాకా లార్వాలతో పన్నెండు పళ్ళేలు లెక్కపెట్టాను. ఒక్కో పళ్ళెంలో యాభై. నీలం చుక్క వైపు సగటున నలభై ఒకటి వెళ్ళాయి. అసలు పుస్తకంలో ఆ నలభై ఒకటిని ఎర్ర చుక్క కింద రాశాను. తెలిసే రాశాను. చిత్తు కాగితాల నకళ్ళు, పుస్తకం పేజీల నకళ్ళు ఇందులో పెట్టాను. రెండూ నా చేతిరాతే. పక్కపక్కన పెట్టుకుని చూడండి.

తప్పు బయటపడ్డాక, నా ఉద్యోగం కాపాడుకోవడానికి, ఆయనకి మతిమరుపని మేడంతో చెప్పాను. అది అబద్ధం. ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టిందీ మర్చిపోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. నిన్న నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఉత్తర్వు నకలు కూడా ఉంది. కారణం అందులో ఒక వాక్యంలో రాశారు, చదవండి. ఓదార్చడానికి ఎవరూ ఉత్తర్వులు టైపు చెయ్యరు.

నేను మంచిదాన్నని మీరిద్దరూ అనుకుంటున్నారు. అలా అనుకున్నంతకాలం ఆయన మీ ఇంట్లో పిచ్చివాడుగానే ఉంటారు. కాబట్టి అనుకోవడం మానండి. తాళం తీయండి. ఇది అందిన మర్నాడు పొద్దున పాపని ఆయనతో బడికి పంపండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒకటి చెప్తాను వదినా. మొన్న ఫోను చేశాను. ఆయనే ఎత్తారు. 'నేనే బాబాయ్' అన్నాను. ఊపిరి వినబడింది. ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేశారు. నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఆయన నా మీద అలా ఫోను పెట్టెయ్యడం ఇదే మొదటిసారి. నేను నీ మావగారి మనసు కుదుటపడాలని కట్టుకథ రాసి ఉంటే, ఆయన అలా చేసేవారా?

ఆయన అన్న కూతురు